నెమ్మదిగా కదిలినా దెబ్బ గట్టిదే

ఆదోని: ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రుల నుంచి అత్యవసర రోగులను కర్నూలు సర్వజన వైద్యశాలకు పంపడం పరిపాటి. వార్డు నుంచి అంబులెన్సుకు, అక్కడి నుంచి క్యాజువాలిటీకి స్ట్రెచర్ మీదే ప్రయాణం. రోడ్డు ప్రమాదానికి భయపడేవారు ఈ బండి ఢీకొనడాన్ని లెక్కలోకి తీసుకోరు.

రోగితో కలిపి స్ట్రెచర్ 120 కిలోలనుకుందాం. సెకనుకు ఒక మీటరు, అంటే మామూలు నడకకన్నా తక్కువ వేగంతో గోడను తాకి ఒక సెంటీమీటరులో ఆగితే, సగటున 600 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. మధ్యలో వేళ్లు చిక్కితే నలిగినట్లే. మూలల్లో 3 సెంటీమీటర్లు అణిగే రబ్బరు బంపర్లుంటే అది 200 కిలోలకు తగ్గుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం శక్తి నాలుగింతలవుతుంది. పరుగున నెట్టేచోట రబ్బరొక్కటే చాలదు.

ఆదోని జిన్నింగు మిల్లులో 170 కిలోల పత్తి బేలు కదిలితే కూలీలు కేకవేసి జనాన్ని తప్పుకోమంటారు. ఆసుపత్రి వరండాలో అంత జాగ్రత్త అరుదు.

ఒక్క పెడల్‌తో నాలుగు చక్రాలూ బిగిసే బ్రేకు, మలుపులో పక్కకు జారనివ్వని ఐదో చక్రం, చేతులు బయటికి వేలాడకుండా పక్క కమ్ములు మంచి స్ట్రెచర్ లక్షణాలు. ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించరాదు. దానిపై రోగి తల ఎప్పుడూ ఎగువనే ఉండాలి. ఊడిన బంపరు మార్చే బాధ్యత ఎవరిదో కొనుగోలు ఆర్డరులోనే రాయించుకోవడం మేలు.