మీకు తెలుసా? ఉస్మానియా నుంచి బాన్ దాకా

అరబ్బీ పండితుల పుస్తకాల అలమారల్లో ‘హైదరాబాద్ ప్రతి’ అన్న మాటకు ఎంతో గౌరవం ఉంది. 1888లో హైదరాబాద్‌లో పుట్టి, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మారిఫ్ సంస్థే అందుకు కారణం. అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేయడం దాని పని. 11వ శతాబ్దపు శాస్త్రవేత్త అల్ బిరూని రత్నాల గురించి రాసిన గ్రంథాన్ని ఈ సంస్థ కోసం పరిష్కరించింది ఫ్రిట్జ్ క్రెంకో అనే జర్మన్ పండితుడు. ఆయన అలీగఢ్‌లోనూ, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పారు.

దారి ఒకవైపే సాగలేదు. హైదరాబాద్‌లో 1908లో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో చదివి, బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లోని సోర్బాన్‌లో మరొకటి అందుకున్నారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయం ఆయనకు ప్రాణం.

ఆయన కృషిలో అన్నిటికన్నా అబ్బురపరిచేది ‘సహీఫా’ పరిష్కరణ. ముహమ్మద్ ప్రవక్త శిష్యుడైన అబూ హురైరా చెప్పిన హదీసులను, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలను, ఆయన దగ్గర చదువుకున్న యెమెన్‌వాసి హమ్మామ్ కూర్చిన చిన్న సంకలనమది. హదీసు గ్రంథాల్లో మనకు దక్కిన అతి పాతవాటిలో ఒకటి. దాని రాతప్రతుల్లో ఒకటి బెర్లిన్‌లో, ఇంకొకటి డమాస్కస్‌లో ఉండేవి. ఒక్క ప్రతినే నమ్ముకుంటే రాయసగాడి పొరపాటు కూడా మూలంగా చలామణీ అయిపోతుంది. అందుకే హమీదుల్లా రెండింటినీ దగ్గర పెట్టుకుని, తేడాలు పోల్చి చూసి 1953లో ప్రచురించారు. ఆపైన ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలోనూ ఏళ్ల తరబడి బోధించారు. 1959లో వెలువడిన ఆయన ఫ్రెంచి ఖురాన్ అనువాదం ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది.