దిగుమతి పనిముట్ల నాణ్యత: వేతనాలు, ధరల పాత్ర

వేతనాలు తక్కువగా ఉన్న దేశంలో తయారైన పనిముట్టు నాసిరకంగానే ఉంటుందన్న అభిప్రాయం మన రైతులలో బలంగా ఉంది. పారిశ్రామిక చరిత్ర దీనిని సమర్థించదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్ వస్తువులకు చౌకబారువన్న పేరుండేది. 1950లో అమెరికా గణాంక శాస్త్రవేత్త డెమింగ్ అక్కడ నాణ్యతా నియంత్రణపై ఉపన్యాసాలిచ్చారు. 1951లో ఆయన పేరిట బహుమతి నెలకొన్నది. అమెరికాతో పోల్చితే వేతనాలు ఎంతో తక్కువగా ఉన్న ఆ కాలంలోనే అక్కడి కర్మాగారాలు నాణ్యతను పెంచుకోగలిగాయి.

కోత పడేది ఎక్కడ?

పండ్లతోటలలో కొమ్మలు కత్తిరించే కత్తెరను (సికేచర్) ఉదాహరణగా తీసుకుందాం. దాని మన్నిక ఉక్కులోని కర్బన శాతం, ఉక్కును కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం, పెళుసుదనం పోవుటకు తక్కువ వేడిపై టెంపరింగ్ చేయడం, అంచు సానపట్టడం, తుది తనిఖీలపై ఆధారపడుతుంది. దిగుమతిదారు ధరను ముందే నిర్ణయించినప్పుడు ఓడ రవాణా, సుంకం, డీలరు లాభం తగ్గవు. కనుక తయారీదారు కంటికి కనిపించని ఉక్కు రకం, టెంపరింగ్, తనిఖీలలో కోత పెడతాడు. రంగు, పిడి, ప్యాకింగు మాత్రం ఆకర్షణీయంగానే ఉంటాయి. వేతనాలు పెరిగినప్పుడు కొందరు యంత్రాలతో పని చేయించి నాణ్యతలో ఏకరూపత సాధిస్తారు. మరికొందరు ఈ కోతలనే మరింత పెంచుతారు.

రైతుపై భారం

మొద్దుబారిన అంచు కొమ్మను తెగనరకక నలుపుతుంది. ఆ గాయం ఆలస్యంగా మానుతుంది. శిలీంధ్రాలు ప్రవేశించే అవకాశం పెరుగుతుంది. కూలి వ్యయం కూడా పెరుగుతుంది. ఎనిమిది గంటల పనికి కూలి రూ. 480 అనుకుంటే, రోజుకు అరగంట వృథా అయినచో రూ. 30 నష్టం. పది రోజులలో అది రూ. 300 అవుతుంది, అనగా ఒక చౌక కత్తెర ధరను మించవచ్చు. కూలి రేట్లు పెరిగేకొద్దీ నాసిరకం పనిముట్టు మరింత ఖరీదైనదవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

ట్రాక్టర్లు, పవర్ టిల్లర్ల వంటి యంత్రాలకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర సంస్థ పరీక్ష నివేదికలు ఇస్తుంది. అంగడిలో కొనే చేతి పనిముట్టు వెంట సాధారణంగా అటువంటి నివేదిక ఉండదు. కావున సిఫారసుకు ముందు ఒక నమూనాను కొని పరీక్షించాలి. ఆకురాయి మెత్తని ఉక్కును సులభంగా కొరుకుతుంది. గట్టిపడిన ఉక్కుపై చాలావరకు జారుతుంది. ఇరుసు వదులు, విడి బ్లేడు, స్ప్రింగుల లభ్యతను పరిశీలించాలి. తయారైన దేశం పేరుకంటే, ఒక సీజనుకు అయ్యే మొత్తం వ్యయాన్ని రైతుకు లెక్కగట్టి చూపడమే ప్రయోజనకరం.