ఫొటో డార్క్‌రూమ్ నుంచి ఎక్స్‌రే గది దాకా.. ఎవరీ మారీ కుంట్?

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసేది ఎక్కువగా డాక్టర్ కాదు, టెక్నీషియన్. ఆ ఉద్యోగానికంటూ ఓ చదువు, ఓ పరీక్ష ఏర్పడటం వెనక జర్మనీలోని ఓ ఫొటోగ్రఫీ స్కూల్ ఉందంటే నమ్ముతారా? ఆ స్కూల్‌ని దాదాపు 20 ఏళ్లు నడిపించిన మహిళే మారీ కుంట్.

యూనివర్సిటీ తలుపులు మూసి ఉన్న రోజులు

కుంట్ 1870లో పుట్టారు. అప్పట్లో జర్మనీలో సొంతంగా బతకాలనుకున్న మధ్యతరగతి అమ్మాయికి టీచర్ పనో, పెద్దింటి పిల్లల్ని చూసుకునే పనో తప్ప పెద్దగా దారుల్లేవు. బెర్లిన్ రాజధానిగా ఉన్న ప్రష్యాలో యూనివర్సిటీలు మహిళలను రెగ్యులర్ విద్యార్థులుగా చేర్చుకున్నది 1908లోనే.

మహిళలకు ఉపాధి చూపించడం కోసం 1866లో బెర్లిన్‌లో లెట్టె ఫెరైన్ అనే సంస్థ మొదలైంది. 1890లో అది ఫొటోగ్రఫీ స్కూల్ తెరిచింది. కుంట్ అక్కడే చదువుకున్నారు, అక్కడే పాఠాలు చెప్పారు. 1913లో స్కూల్ బాధ్యతలు ఆమె చేతికొచ్చాయి.

ఎక్స్‌రేకి, ఫొటోగ్రఫీకి లింకేంటి?

1895 నవంబర్‌లో విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టారు. అప్పట్లో ఎక్స్‌రే బొమ్మ పడేది ఫొటోలు తీసే గాజు ప్లేట్ మీదే. దాన్ని చీకటి గదిలో రసాయనాలతో కడగాలి. లెక్క కాస్త తప్పినా ప్లేట్ నల్లబడిపోయేది, విరిగిన ఎముక కనిపించేది కాదు. ఈ పనిలో చేయి తిరిగింది ఫొటోగ్రఫీ నేర్చుకున్న అమ్మాయిలకే. అందుకే స్కూల్‌లో ఎక్స్‌రే ఫొటోగ్రఫీ, మైక్రోస్కోప్ ఫొటోలు, ల్యాబ్ పనులు కూడా పాఠాలయ్యాయి.

సర్టిఫికెట్ వచ్చింది

1921లో ప్రష్యా ప్రభుత్వం మెడికల్ టెక్నికల్ అసిస్టెంట్లకు అధికారిక పరీక్ష పెట్టింది. దాంతో అది డాక్టర్ పక్కన చేతిసాయంగా చేసే పని కాకుండా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న వృత్తి అయింది.

అయితే ఈ ఉద్యోగం అప్పట్లో ప్రమాదకరం కూడా. తొలి రోజుల్లో సరైన రక్షణ లేక చాలామందికి చేతులు కాలాయి, క్యాన్సర్లు వచ్చాయి. ఎక్స్‌రే, రేడియం పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కోసం 1936లో హాంబర్గ్‌లో స్మారకం కట్టారు. డాక్టర్లు, సైంటిస్టులతో పాటు టెక్నీషియన్లు, నర్సులకూ అది నివాళి.

కుంట్ 1932లో చనిపోయారు. లెట్టె ఫెరైన్ మాత్రం బెర్లిన్‌లో ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఫొటోగ్రఫీ క్లాసులూ ఉన్నాయి, మెడికల్ టెక్నాలజీ క్లాసులూ ఉన్నాయి.. ఒకే సంస్థలో!