కూలోడి పనికి కత్తెర – మన ఎంపీలు ఎటు నిలిచారు?

"వందరోజుల పని తీసేత్తన్నారంట, నిజివేనా బావూ?"

నాగావళి ఒడ్డున ఒక పల్లెలో, చెరువు గట్టు మీద గమేళాలు దించి కూర్చున్న కూలి జనం మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న ఒక ముసలామె వేసింది: "ఓట్లకొచ్చినపుడు మనోడే ఢిల్లీల మంత్రవుతాడన్నారు, అయ్యాడు. మరి మనోడుండగా మన పనెలగ పోద్ది?"

మొదటి ప్రశ్నకు జవాబు చట్టం కాగితాల్లో ఉంది. రెండోదానికి జవాబు వెతకాలంటే ఢిల్లీకీ అమరావతికీ నడుమ నడుస్తున్న రాజకీయాన్ని విప్పి చూడాలి. పార్టీల తగవు పెద్దోళ్ల గొడవ, మనకెందుకులే అని కూలి జనం ఊరుకోవడానికి వీల్లేదు. ఆ తగవులోనే, ఆ పొత్తులోనే మన మస్టరు ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. మొదటి విడతలోనే విజయనగరం జిల్లా ఉంది. మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. పని అడిగిన కుటుంబానికి ఏడాదిలో వంద రోజులు పని చూపాలి, పదిహేను రోజుల్లో చూపకపోతే భృతి ఇవ్వాలి అన్నది ఆ చట్టం సారం. కూలి సొమ్ము యావత్తు కేంద్రమే భరించేది. సామగ్రి ఖర్చులో మాత్రం నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకునేది.

2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. డిసెంబరు 18న లోక్‌సభలోనూ, ఆ వెంటనే రాజ్యసభలోనూ ఆమోదం అయిపోయింది, 21న రాష్ట్రపతి సంతకం పడింది. పేరులోంచి గాంధీని తీసేశారు. వికసిత్ భారత్, రోజ్‌గార్, ఆజీవికా మిషన్ అంటూ మన ఊళ్లో ఎవరి నోరూ తిరగని పేరు పెట్టారు. పేరు సంగతి అలా ఉంచి లోపల ఏముందో చూద్దాం.

వంద రోజులను 125 చేశామన్నారు. వినడానికి బాగుంది. అయితే పాత చట్టం కింద దేశం మొత్తమ్మీద ఒక కుటుంబానికి సగటున దొరికిన పని 50 రోజుల చుట్టూనే తిరిగింది. వంద ఇవ్వనివారు 125 ఎలా ఇస్తారో చెప్పలేదు.

ఖర్చు విషయానికొస్తే, మన రాష్ట్రం వంటి వాటికి కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు అన్నారు. ఏ రాష్ట్రానికి ఏడాదికి ఎంత అన్నది ముందుగా ఢిల్లీయే కేటాయిస్తుంది. దాన్ని మించి ఖర్చయితే పూర్తిగా రాష్ట్రం నెత్తినే. వెనక జనం అడిగిన మేరకు సొమ్ము రావాలి. ఇక మీదట వచ్చిన సొమ్ము మేరకే పని.

మూడోది, నాట్లు కోతల కాలంలో మొత్తం మీద 60 రోజులు పనులు ఆపాలన్నారు. ఏ రోజులన్నది రాష్ట్రం ముందుగా ప్రకటించాలి.

లెక్క వేసి చూడండి

2025–26లో మన రాష్ట్రానికి ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. వంద రోజులు పూర్తిగా పని చేసిన కుటుంబానికి 30,700 రూపాయలు. పాత చట్టం కింద ఇందులో ఒక్క రూపాయి కూడా రాష్ట్రం పెట్టనక్కర్లేదు. అదే కూలి మీద 125 రోజులంటే 38,375 రూపాయలు. అందులో నలభై పాళ్లు, అంటే 15,350 రూపాయలు, రాష్ట్రం తేవాలి. కూలి రేటు నిర్ణయించేది ఢిల్లీ, పని ఎక్కడ పెట్టాలో చెప్పేది ఢిల్లీ, దాదాపు సగం సొమ్ము మాత్రం అమరావతి తేవాలి.

ప్రతి పనికీ అప్పులు చూపించే రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇంత సొమ్ము ఎక్కడినుంచి తెస్తుంది? తేలేనప్పుడు ఏం చేస్తుంది? పని అడిగేవాడిని తగ్గిస్తుంది. జాబ్ కార్డుల్లో పేర్లు కొట్టేస్తుంది. ఆధార్ కలవలేదంటుంది, ఫోనులో ఫొటో పడలేదంటుంది. 2023 నుంచి రోజుకు రెండు ఫొటోల హాజరు, 2024 నుంచి ఆధార్ చెల్లింపు తప్పనిసరి చేసినప్పుడే ఆ బాధలు మన వాళ్లు చూశారు. "సిగ్నల్ లేదని మస్టరు రాయలేదు. మట్టి మోసింది మా మెడలు, సిగ్నలు కాదు కదా!" అని ఆ గట్టు మీద ఒక యువకుడు అన్నాడు.

ఇక్కడ కత్తులు, అక్కడ పొత్తులు

ఇప్పుడు ముసలామె ప్రశ్నకు వద్దాం.

2024 ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి లోక్‌సభలో వచ్చినవి 240 సీట్లు. ప్రభుత్వానికి కావలసినవి 272. మిత్రులందరితో కలిపితే 293. అందులో తెలుగుదేశానివి 16, నితీశ్ కుమార్ పార్టీవి 12. ఈ రెండూ తీసేస్తే మిగిలేది 265. అంటే ఢిల్లీ గద్దెకు ఒక కాలు పాట్నాలో ఉంటే, ఇంకో కాలు మన రాష్ట్రంలో ఉంది. తెలుగు వాళ్ల మాటకు ఢిల్లీలో ఇంత బరువు ఎప్పుడో గానీ రాదు.

ఆ బరువును దేనికి వాడారు? కొత్త చట్టాన్ని సభలో పెట్టింది గ్రామీణాభివృద్ధి మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్. అదే శాఖకు సహాయ మంత్రి గుంటూరు తెలుగుదేశం ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. బిల్లు తెచ్చిన మంత్రివర్గంలో శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రి. ఆయన తండ్రి ఎర్రన్నాయుడు 1996–98 నడుమ యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో గ్రామీణ ప్రాంతాలు, ఉపాధి శాఖకే మంత్రి. పల్లె కూలీ ఉపాధి అంటే ఏమిటో ఆ ఇంటికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అయినా కూటమి భాగస్వామిగా తెలుగుదేశం ఆ బిల్లు వెంటే నిలిచింది.

మరి ప్రతిపక్షం? 175 మంది సభలో 11 మందితో మిగిలిన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా కోసం పేచీ పెట్టి శాసనసభకు దూరంగా ఉండిపోయింది. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. తెలుగుదేశమూ వైఎస్సార్ కాంగ్రెసూ ఇద్దరూ ఒకే అభ్యర్థికి, ఢిల్లీ పాలకుల అభ్యర్థికే ఓటు వేశారు. ఊళ్లో ఈ రెండు పార్టీల వాళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. పెళ్లి భోజనాలకు కూడా పోరు. ఢిల్లీలో మాత్రం ఒకే బారులో నిలబడతారు!

ఇది కొత్త కాదు. 2020లో మూడు సాగు చట్టాలు వచ్చినప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ పార్లమెంటులో మద్దతు పలికింది. ఆ చట్టాలను 2021 నవంబరులో వెనక్కి తీసుకునేలా చేసింది ఢిల్లీ పొలిమేరల్లో ఏడాది పాటు కూర్చున్న రైతులు. అదే 2020లో, అదనపు అప్పుకు అనుమతి కావాలంటే కరెంటు సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. రాష్ట్రం తలూపి వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు బిగించడానికి సిద్ధపడింది. ప్రయోగానికి ఏ జిల్లాను ఎంచుకున్నారు? మన శ్రీకాకుళాన్నే. అప్పుడు తెలుగుదేశం మీటర్లను తిట్టింది. కుర్చీలు మారాయి, తిట్లు మారాయి. ఢిల్లీ షరతు ముందు వంగే నడుము మాత్రం మారలేదు.

వెనకబడిన జిల్లాల పేరు మీద

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ప్రత్యేక హోదా ఇస్తామని రాజ్యసభలో ప్రధాని మాట ఇచ్చారు. రాయలసీమ, ఉత్తరాంధ్ర ఏడు జిల్లాలకు ఏడాదికి జిల్లాకు 50 కోట్ల చొప్పున సాయమన్నారు. మూడేళ్లు ఇచ్చారు. ఆ తరువాత ఆగిపోయింది. 2018లో 350 కోట్లు ఖాతాలో వేసి వెనక్కి లాక్కున్నారని నాటి తెలుగుదేశం ప్రభుత్వమే గోల పెట్టింది. ఆ ఏడాది మార్చిలో కూటమి నుంచి బయటకు వచ్చి, జూలైలో జరిగిన అవిశ్వాసంలో మోదీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిలిచింది. 2024లో తిరిగి అదే కూటమిలో చేరింది. ఆ జూలై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు సమకూరుస్తామని అంకె చెప్పారు. ఉత్తరాంధ్రకు చట్టం ప్రకారం సాయం చేస్తామన్నారు గానీ బడ్జెట్ ప్రసంగంలో అంకె చెప్పలేదు. రాజధానికి అంకె, మనకు మాట!

మద్దతు ఇచ్చిన వాళ్లు అందరూ ఒకటేనా?

ఢిల్లీలో చిన్న పార్టీలు చేయగలిగేది ఏముంటుంది, ఊరుకోక తప్పదు అనే వాళ్లున్నారు. ఒక్క పోలిక చెబుతాం. 2004లో లోక్‌సభలో వామపక్షాలకు ఉన్నది దాదాపు 60 మంది. మంత్రి పదవులు తీసుకోకుండా బయటినుంచి ప్రభుత్వానికి మద్దతిచ్చారు. ఆ మద్దతుకు పెట్టిన షరతుల్లో ఉపాధి హామీ ఒకటి. ఆనాటి వీధి పోరాటాలూ, సభలోని ఒత్తిడీ కలిసి 2005 చట్టాన్ని తెచ్చాయి. మద్దతు అనేది బేరం. ఆ బేరంలో కూలి జనానికి ఏమి అడిగారన్నదే కొలత.

తెలుగుదేశం పుట్టుక కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1982లో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టింది ఢిల్లీ ముందు తెలుగువాడు తల వంచకూడదన్న మాట మీద. 1984 ఆగస్టులో గవర్నరు ఆయన ప్రభుత్వాన్ని కూల్చినప్పుడు, నెల తిరిగేసరికి తిరిగి గద్దె మీద కూర్చోబెట్టింది రాష్ట్ర ప్రజానీకం. వామపక్షాలు ఆ ఉద్యమంలో వీధుల్లో ఉన్నాయి. 1994లో ఆయనను మన టెక్కలి కూడా గెలిపించింది. రాష్ట్రాల హక్కుల కోసం పుట్టిన పార్టీ, రాష్ట్రం నెత్తిన నలభై పాళ్లు పెట్టే చట్టం ముందు నోరెత్తలేదంటే ఆ ఆత్మగౌరవం ఎటు పోయినట్టు?

ఢిల్లీకి నచ్చని రాష్ట్రానికి ఏమవుతుందో కూడా దాచం. పశ్చిమ బెంగాలుకు 2022 మార్చి నుంచి ఉపాధి నిధులు ఆపేశారు. అక్రమాలు జరిగాయన్నారు. అక్రమం చేసినవాడిని జైల్లో పెట్టాలి గానీ మట్టి మోసినవాడి కూలి ఆపడమేమిటి? పని తిరిగి మొదలుపెట్టాలని 2025లో హైకోర్టు చెప్పవలసి వచ్చింది. మన రాష్ట్రంలో మాత్రం తక్కువా? 2019లో ప్రభుత్వం మారగానే పాత పనుల బిల్లులు నిలిపేస్తే ఆ తగవు హైకోర్టు దాకా పోయింది. జెండా మారినప్పుడల్లా ఊళ్లో ఫీల్డ్ అసిస్టెంటు మారతాడు. పార్టీల కక్షలకు బలయ్యేది ఎప్పుడూ కింద ఉన్నవాడే.

రైతుకూ కూలికీ తగవు పెట్టే ఎత్తు

ఉభాల కాలంలో పనులు ఆపితే రైతుకు కూలీలు దొరుకుతారు కదా అని కొందరంటున్నారు. మా చిన్న రైతులూ ఈ మాట అంటున్నారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. అయితే మన రాష్ట్రంలో ఉపాధి పనులు ఎక్కువగా నడిచేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, పొలాల్లో పని లేని ఎండాకాలంలోనే. ఉభాలకు మన వాళ్లు ఎలాగూ పొలాలకే పోతున్నారు. మరి చట్టంలో రాసి మరీ ఆపడం దేనికి? ఇంకో పని ఉందన్న ధీమా కూలోడికి లేకుండా చేయడానికి. "రెండొందలిత్తాను, వస్తే రా" అని కామందు అన్నప్పుడు "మూడొందల ఏడు నాకు చెరువు పనిలోనే దొరుకుద్ది" అనే నోరు నొక్కడానికి.

రైతును ముంచుతున్నది కూలి కాదు. 2025–26లో సాధారణ వరికి క్వింటాలు మద్దతు ధర 2,369 రూపాయలు. ఆ ధరకు అమ్ముకోవాలంటే కౌలు రైతుకు కాగితం కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టే యజమాని ఎంతమంది? కార్డు లేనివాడు కళ్లంలోనే దళారీకి తూచిపోతాడు. ఆ కౌలు రైతు ఇంటిలోనే జాబ్ కార్డు కూడా ఉంటుంది. మే నెలలో చెరువు పనికి పోయేదీ, జూలైలో నారు మోసేదీ ఒకే మనిషి. ఆ మనిషిని రెండుగా చీల్చి తనలో తానే కొట్టుకునేలా చేయడమే ఈ ఎత్తు.

ఇప్పుడు చేయవలసింది

పని కావాలని నోటితో అడిగి ఊరుకోవద్దు. కాగితం మీద రాసి, తేదీ వేసి, రసీదు తీసుకోండి. పని చూపకపోతే భృతి ఇవ్వాలన్నది కొత్త చట్టంలోనూ ఉంది. రసీదు లేనివాడు అడిగినట్టే లెక్కలేదు. జాబ్ కార్డుల్లో ఎవరి పేర్లు కొట్టేశారో గ్రామసభలో పైకి చదివించండి.

ఎంపీలు, ఎమ్మెల్యేలు ఊరికొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఆ బిల్లు నాడు మీరు ఏం మాట్లాడారు? రాష్ట్రం వాటా నలభై పాళ్లు బడ్జెట్‌లో ఎక్కడ పెట్టారు? ఆ చట్టం వద్దని పంజాబ్ శాసనసభ 2025 డిసెంబరులోనే తీర్మానం చేసింది, మన శాసనసభ ఎందుకు చేయదు? తెలుగుదేశం వాళ్లనూ అడగండి, వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్లనూ అడగండి, జనసేననూ వదలొద్దు.

1937లో ఇచ్చాపురం నుంచి మద్రాసు దాకా జమీందారీ రైతులు కాలినడకన పోయారు. అప్పుడు మద్రాసులో ఉన్నది ఎవరో పరాయి పార్టీ కాదు, వాళ్లు ఓటేసి గెలిపించిన కాంగ్రెసే. మన పార్టీయే కదా అని ఊరుకోలేదు కాబట్టే ప్రకాశం పంతులు విచారణ సంఘం వచ్చింది. 1940లో మందసా పోరులో గున్నమ్మ నేలకొరిగింది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది.

మేము గట్టు దిగి వస్తుంటే ఆ ముసలామె వెనకనుంచి కేకేసింది: "ఈసారి మనోడొత్తే నాను ముందు నిల్చుంటాను బావూ. ఓటేసిన ఏలు సూపెట్టి అడుగుతాను."

ఆమె ఒక్కర్తినే నిలబెట్టకండి.