బొమ్మ మిగిలింది, పేరు పోయింది

రాజపాళయం నుంచి దేశమంతా తిరిగిన ముఖం మనిషిది కాదు, ఒక కుక్కది. 2005 జనవరి 9న తపాలా శాఖ దేశవాళీ జాతి కుక్కల మీద నాలుగు బిళ్లలు విడుదల చేసింది. హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్‌లకు తోడు నాలుగోది ఈ ఊరిది. పాలతెలుపు ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, పొడుగాటి కాళ్లు. పాలెగాళ్ల యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్ల గుర్రపు దళాల మీదికి ఉసిగొల్పింది వీటినేనని చుట్టుపక్కల చెప్పుకుంటారు.

ఆ తెలుపు వెనక ఉన్న కథ మాత్రం బిళ్ల మీద కనబడదు. ఈ జాతిలో రంగు పిల్లలూ పుడతాయి. పెంచేవాళ్లు కోరుకున్నది తెల్లవాటినే కాబట్టి, ఒక ఈతలో రంగుతో పుట్టినవాటిని పూర్వం బతకనిచ్చేవాళ్లు కాదు. తరాల తరబడి తెల్లదాన్ని తెల్లదానితోనే జతకట్టించారు. చర్మానికి రంగునిచ్చే కణాలే లోచెవిలోనూ పనిచేస్తాయి. అవి లేనిచోట వినికిడి దెబ్బతింటుంది. అందుకే ఈ జాతిలో పుట్టుచెవుడు ఎక్కువ. వేటకీ కాపలాకీ పెంచుకున్న కుక్క, ఒంటి రంగు మీద మోజుకి చెవులు పోగొట్టుకుంది! ఫొటోలో ఎంత అందంగా ఉందో అంటాం. ఆ అందమే దాని జబ్బు.

బొమ్మలో ఉన్నవాళ్ల గురించి మనకు తెలిసింది ఎంత, మనం అల్లుకున్నది ఎంత? ఈ ప్రశ్న పట్టుకుని తిరగడానికి రాజపాళయం మంచి చోటు. పడమటి కనుమల కింద, విరుదునగర్ జిల్లాలో ఉన్న ఈ మిల్లుల పట్నంలో విజయనగర కాలం నాడు వలస వచ్చారని చెప్పే రాజుల కుటుంబాలు ఇప్పటికీ ఇళ్లల్లో తెలుగే మాట్లాడుకుంటాయి. చదువు మాత్రం తమిళం. నోటికి తెలుగు వచ్చు, కంటికి తెలుగు అక్షరం రాదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మదురై వెళ్లాక పనికొస్తుంది.

గోడ మీది ముఖ్యమంత్రి

కుక్క తర్వాత మనిషి. ఈ ఊళ్లో పుట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 ఏప్రిల్‌లో మద్రాసు ప్రభుత్వ పగ్గాలు చేపట్టి 1952 ఏప్రిల్ దాకా నడిపారు. గణతంత్రం వచ్చిన 1950 జనవరి 26న మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఆయనే. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం పుట్టలేదు. శ్రీకాకుళం మొదలు అనంతపురం దాకా మన తాతలను ఏలిన ప్రభుత్వాధినేత, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజపాళయం మనిషి. 1952 ఎన్నికల్లో సొంత ప్రాంతమైన శ్రీవిల్లిపుత్తూరులోనే ఓడిపోయారు. తర్వాత ఒరిస్సా గవర్నరుగా వెళ్లారు, 1957లో కన్నుమూశారు. సొంత ఇంటిని కళలకని ఇచ్చేశారు. అదే ఈనాటి గాంధీ కళామండ్రం.

రాజాజీ ఫొటో, ప్రకాశం పంతులు ఫొటో చూపిస్తే మన పిల్లలు కాకపోయినా పెద్దలు గుర్తుపడతారు. ఈయన ఫొటో చూపించి అడగండి. ఎవరో పాతకాలం కాంగ్రెసాయన అంటారు, అంతే. మన తాతల నాటి ముఖ్యమంత్రికే ఇంత మరపు పడితే, మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి వాళ్ల మాటేమిటి?

తొడ మీద మచ్చకు రెండు కథలు

శ్రీవిల్లిపుత్తూరు మీదుగా మదురైకి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. మీనాక్షమ్మ గుడి తూర్పు గోపురానికి ఎదురుగా పుదుమండపం ఉంది. తిరుమల నాయకుడు 1620ల చివర్లో మొదలుపెట్టించిన వసంత మంటపం ఇది. మధ్య స్తంభాలకు మదురై నాయక రాజుల శిల్పాలు వరసగా నిలబడి ఉంటాయి, విశ్వనాథ నాయకుడి నుంచి తిరుమలుడి దాకా. నిలువెత్తు మనుషులు, చేతులు జోడించి, పక్కన భార్యలతో. తిరుమలుడిని పొట్ట చూసి గుర్తుపట్టొచ్చు. శిల్పి దాచలేదు, రాజూ దాచమనలేదు. చాలాకాలం ఈ మంటపం నిండా దర్జీలు, గాజులు, పుస్తకాల కొట్లే. రాజుల కాళ్ల దగ్గరే కుట్టుమిషన్లు టకటకలాడేవి.

1858లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి పెట్టె అంత కెమెరా వేసుకుని ఈ గుడినీ ఈ మంటపాన్నీ ఫొటోలు తీశాడు. మద్రాసు ప్రభుత్వానికి అధికారిక ఫొటోగ్రాఫర్ ఆయన. మైనం పట్టించిన కాగితమే నెగెటివ్. వెలుగు చాలని మంటపాల్లో చాలాసేపు కటకం తెరిచి ఉంచాల్సి వచ్చేది, కదిలే మనుషులు అందులో నిలవరు. నిలిచింది రాయే. ఏడాది రెండేళ్లకే గవర్నర్ ట్రెవెల్యాన్ ఇదంతా దండగ ఖర్చని ఆ ఉద్యోగాన్నే ఎత్తేశాడు. ట్రైప్ ఫొటోల్లో రాళ్లు ఉన్నాయి, కొలతలకు అందే వివరాలున్నాయి. ఆ రాళ్ల గురించి ఊరు చెప్పుకునేది మాత్రం లేదు.

తిరుమలుడి పక్కనున్న ఒక రాణి తొడ మీద గాటులాంటి మచ్చ ఉందంటారు. దానికి ఊళ్లో ఒక కథ లేదు, రెండున్నాయి.

మొదటిది: ఆమె తంజావూరు ఆడపడుచు. కొత్తగా కట్టిన మహలు చూపించి మొగుడు మురిసిపోతుంటే, మా నాన్నగారి గుర్రపుశాల ఇంతకన్నా నయమని పెదవి విరిచింది. ఆయనకు ఒళ్లు మండి బాకు విసిరాడు. ఆ గాయమే ఇది.

రెండోది: శిల్పం చెక్కుతుంటే తొడ దగ్గర రాయి పెచ్చు ఊడింది. శిల్పి భయపడి మంత్రి నీలకంఠ దీక్షితులకు చూపించాడు. రాణిగారికి అక్కడ నిజంగానే మచ్చ ఉంది, అలాగే వదిలెయ్యమన్నాడాయన. ఆ సంగతి ఈయనకెలా తెలిసిందని రాజుకు అనుమానం పుట్టింది. కళ్లు తీయించమని భటులను పంపాడు. వాళ్లు వచ్చేలోపే దీక్షితులు హారతి కర్పూరంతో తన కళ్లు తానే కాల్చుకున్నాడట. అమ్మవారి దయతో చూపు తిరిగి వచ్చిందంటారు.

ఒకే రాయి, ఒకే పెచ్చు. ఒక కథలో మొగుడు కోపిష్టి, రెండో కథలో అనుమానపు మనిషి. రెండింటిలోనూ ఆమెకు పేరు లేదు. శిల్పాలకు అసలు ఈ లోటు మామూలే. ఊరు ముందు రాయిని చూసింది, తర్వాత మచ్చను చూసింది, ఆపైన తనకు తోచింది చెప్పుకుంది.

కప్పు మీద మంగమ్మ

పేరు రాసి ఉన్న బొమ్మకైనా ఈ బెడద లేదనుకుంటున్నారా? రోడ్డు దాటి గుడి లోపలికి పదండి. పొట్రామరై కోనేటి పడమటి గట్టున ఊయల మంటపం ఉంటుంది. భక్తులు కోనేటి వైపు చూస్తూ కూర్చుంటారు. మెడ ఎత్తి కప్పు చూసేవాళ్లు తక్కువ. అక్కడుంది రాణి మంగమ్మ.

మంగమ్మ చొక్కనాథ నాయకుడి భార్య. 1682లో భర్త పోయాడు. కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప 1689లో మశూచితో పోయాడు. అప్పటికి కోడలు గర్భవతి. బిడ్డ పుట్టాక ఆమె కూడా దక్కలేదు. పొత్తిళ్లలో ఉన్న మనవడు విజయరంగ చొక్కనాథుడికి పట్టం కట్టి, అవ్వే రాజ్యం నడిపింది, పదిహేను పదిహేడేళ్లు. ఔరంగజేబు సైన్యం దక్షిణాదికి దిగిన రోజులవి. మొగలులకు కప్పం కట్టి రాజ్యం కాచుకుంది. తిరువాన్కూరు మీదికీ తంజావూరు మీదికీ సేనలు పంపింది. దారులు వేయించింది, చెట్లు నాటించింది, సత్రాలు కట్టించింది. ఒకసారి పొరపాటున ఎడమచేత్తో తాంబూలం నోట పెట్టుకుందనీ, ఆ దోషం పోవాలనే ఈ ధర్మాలన్నీ చేసిందనీ జనం చెప్పుకున్నారు. బాటలు వేయించడానికి పరిపాలన కారణమంటే మనవాళ్లకు ఆనదు, ఎడమచెయ్యి కావాలి!

ఇక బొమ్మ. మీనాక్షి పట్టాభిషేక ఘట్టం. అర్చకుడి చేతి నుంచి అమ్మవారి రాజదండం అందుకుంటున్న మంగమ్మ. వెంట పసి రాజు, దళవాయి (సేనాపతి). ఎవరెవరో తెలియడానికి పేర్లు రాసి ఉన్నాయి, తెలుగులోనూ తమిళంలోనూ. ఆమె ఒంటి మీద చీనాంబరాలు, నగలు.

ఆ నగలే కొంప ముంచాయి. మొగుడు పోయిన మనిషికి ఈ సింగారమేమిటి? అదే మంటపంలో ఒక అందమైన యువకుడి శిల్పం కూడా ఉంది. ఇంకేం కావాలి? ఆయన బ్రాహ్మణ మంత్రి, ఆమె ప్రియుడు అన్నారు. కప్పు మీద ఆమెకు ఎదురుగా ఉన్న బొమ్మ కూడా ఆయనదే అన్నారు. 1906లో అచ్చయిన మదురై జిల్లా గెజిటీరు ఈ వదంతిని ఎక్కించి, రాణి వితంతువులా కాక నగలతో ఉందన్న సంగతిని ప్రత్యేకంగా గమనించమని పాఠకుడికి చెప్పింది. దొరగారి పుస్తకంలోకి ఎక్కాక వదంతి చరిత్ర అయిపోయింది. మనవడు పెద్దవాడై రాజ్యం అడిగితే ఇవ్వలేదని, ఆమెను బంధించారని, కంటికి కనబడేలా చేతికి అందకుండా అన్నం పెట్టి చంపారని కూడా కథ ఉంది.

ఆమె మనసులో ఎవరున్నారో చెప్పడం నా పని కాదు, గెజిటీరు రాసినాయన పనీ కాదు. కానీ బొమ్మను బొమ్మలాగే చూస్తే ఒక సంగతి తేటగా ఉంది. మదురైలో ఏలిక మీనాక్షమ్మే. చిత్తిరై తిరునాళ్లలో అమ్మవారికి పట్టాభిషేకం చేసి రాజదండాన్ని ఆమె ప్రతినిధికి అందిస్తారు. ఇప్పుడది గుడి ధర్మకర్త చేతికి వెళ్తుంది. నాయకుల కాలంలో రాజు అందుకునేవాడు. రాజు పసివాడైనప్పుడు అందుకునేది అతని తరఫున ఏలే మనిషి. ఆ ఘట్టంలో మంగమ్మ నిలబడింది చొక్కనాథుడి భార్యగా కాదు, మదురై గద్దెగా. గద్దె మీద నగలుంటాయి. అదే చోట మగ రాజు నగలతో నిలబడితే గెజిటీరు ఒక్క ముక్క రాసేది కాదు. కాబట్టి నా తీర్పు ఇది: ఆ బొమ్మ ప్రేమకథకు సాక్ష్యం కాదు, అధికారానికి సాక్ష్యం. పేర్లు రాయించింది కూడా అందుకే. రాజపాళయంలో లాగే, తెలుగు రాత చదవగలిగినవాళ్లు ఈ ఊళ్లోనూ తగ్గిపోయారు. పక్కనే తమిళంలో ఉన్నా, మెడ నొప్పి పుట్టేలా పైకి చూసి చదవడం కంటే కింద నిలబడి కథ వినడం సులువు.

మంగమ్మదని చెప్పే తముక్కం మహలు తర్వాత ఇంగ్లీషు దొరల చేతికి వెళ్లింది. 1959 నుంచి అది గాంధీ స్మారక మ్యూజియం, నెహ్రూ ప్రారంభించారు. గాంధీ కొల్లాయి కట్టింది ఈ మదురైలోనే, 1921 సెప్టెంబరు 22న. అంతకుముందు రైల్లో జనాన్ని ఖద్దరు కట్టరేమని అడిగితే, కొనే స్తోమత లేదని వాళ్లు చెప్పారు. టోపీ, చొక్కా, పంచె వదిలేసి మోకాళ్ల దాకా గుడ్డతో బయటికి వచ్చారు. ప్రపంచం ఆ ఫొటోలను ఎంత చూసిందో లెక్కలేదు. చర్చిల్ మాత్రం సగం దిగంబర ఫకీరు అన్నాడు. నిండా నగలు వేసుకున్న రాణినీ అన్నారు, ఉన్నవి విడిచేసిన మనిషినీ అన్నారు. గాంధీ గురించి మాత్రం ఆ మాట నిలవలేదు. ఎందుకు విడిచారో ఆయనే స్వయంగా రాసి పెట్టారు కదా. మంగమ్మ చెప్పుకున్నదేదీ మన దాకా రాలేదు.

రాజపాళయంలోనే కాదు, మన ఇళ్లన్నిటిలోనూ గోడల మీద, ట్రంకుపెట్టెల్లో పాత ఫొటోలున్నాయి. నడుమ కూర్చున్న పెద్దాయన ఎవరో తెలుసు, చివర నిలబడ్డ ఆవిడ ఎవరో తెలియదు. తెలిసినవాళ్లు ఇంకా ఇంట్లో ఉన్నారు. ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చుని ఫొటో తిప్పండి. వెనక వైపు అంచున, ముఖాల వెనక కాకుండా, మెత్తటి పెన్సిలుతో పేరు, వరస, ఊరు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్ను వాడకండి, ఒత్తిడికి గీత ముందు వైపుకి తేలుతుంది. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే వాళ్లకు వచ్చిన లిపిలో కూడా రాయండి.