పొట్లం విప్పని అంగడియా

సూరత్ మహీధర్‌పురా బజారులో వజ్రాల బేరాలు నడివీధిలోనే సాగుతాయి. స్కూటర్ సీటు మీద కాగితం పొట్లం విప్పుతారు, భూతద్దం కంటికి ఆనించి రాయిని చూస్తారు, ధర తేలగానే పొట్లం మడిచేస్తారు. ఆ సరుకు ముంబయికి చేరేది అంగడియా చేతుల మీదుగా. అతనిది తరతరాల వృత్తి, పెట్టుబడి నమ్మకం. పొట్లం తీసుకుని చిట్టీ రాసుకుంటాడు, అవతలి ఊళ్లో అప్పగిస్తాడు. లోపల ఏముందో విప్పి చూడడు. కానీ ఎవరిచ్చారో, ఎవరికి చేరిందో, ఏ రోజు చేరిందో అతనికి తెలుసు. చట్టం వచ్చి నిలదీస్తే ఆ మేరకు చెప్పక తప్పదు.

గోప్యతే మా ప్రాణం అని ప్రచారం చేసుకునే ఎన్‌క్రిప్టెడ్ ఈమెయిల్ కంపెనీలు చేసేది సరిగ్గా ఈ పనే. పొట్లం విప్పరు, విప్పలేరు. చిట్టీ మాత్రం వాళ్ల దగ్గర ఉంటుంది. ఇంతకు మించి ఆశించి ప్రోటాన్‌లోనో ట్యుటాలోనో ఖాతా తెరిచినవాళ్లు తర్వాత మోసపోయామని గోలపెడుతుంటారు. ఏ కంపెనీ మంచిదన్నది రెండో ప్రశ్న. ఎవరి నుంచి దాచాలి, ఏది దాచాలి అన్నది మొదటిది.

ఈ ప్రశ్న సూరత్ నుంచి మొదలుపెట్టడానికి కారణం వజ్రాలు మాత్రమే కాదు. అక్కడ మనవాళ్లు తక్కువేం లేరు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి సాంచాల (మరమగ్గాల) మీద పనికి వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిపోయాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే వాళ్ల సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్ వెళ్లినవాళ్లను వెనక్కి రప్పించడం కూడా ప్రభుత్వం చెప్పిన ఉద్దేశాల్లో ఒకటి. ఎంతమంది వచ్చారన్నది వేరే కథ.

తండ్రి కూలికి సాంచా నడిపిన ఇంట్లో ఇప్పుడు కొడుకు సొంతంగా మగ్గాలు పెట్టుకుని ఉంటాడు, కోడలు రింగ్‌రోడ్డు మార్కెట్లో లెక్కలు రాస్తుంటుంది. జీఎస్టీకి మెయిల్ కావాలి, బ్యాంకుకు మెయిల్ కావాలి, పార్టీకి బిల్లు పంపాలన్నా మెయిలే. ఆ మెయిల్ ఎవరు తెరిచారు? చాలా ఇళ్లలో వీధి చివరి నెట్ సెంటర్ కుర్రాడు, లేకపోతే పన్నుల కాగితాలు చూసే గుమాస్తా. అడ్రసు ఒకరి పేరిట, రికవరీ ఫోన్ నంబరు ఇంకొకరిది, పాస్‌వర్డ్ మూడోవాడి రిజిస్టరులో. సూరత్ అనే ఏముంది, సిరిసిల్లలోనైనా నరసరావుపేటలోనైనా ఇదే తంతు. ఈ స్థితిలో స్విట్జర్లాండ్ ఎన్‌క్రిప్షన్ గురించి మాట్లాడుకోవడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. అయినా మాట్లాడుకుందాం. రెండూ ముడిపడే ఉన్నాయి.

తాళంచెవి ఎవరి దగ్గర

జీమెయిల్‌లో భద్రత లేదనడం తప్పు. మెయిల్ దారిలో ఉండగా దానికి తాళం ఉంటుంది, సర్వర్‌లో చేరాక కూడా ఉంటుంది. అయితే తాళంచెవి గూగుల్ దగ్గరే. ప్రకటనల కోసం మెయిళ్లు చదవడం ఆపేస్తామని ఆ కంపెనీ 2017లో ప్రకటించింది. అంటే అప్పటిదాకా యంత్రాలు చదివాయనేగా! ఇవాళ చదవకపోవడం వాళ్ల నిర్ణయం. చదవలేకపోవడం వేరు.

ఆ చదవలేకపోవడాన్నే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటున్నాం. అక్షరాలు మన ఫోన్‌లోనే గజిబిజి అయి బయలుదేరతాయి, అవతలివాళ్ల ఫోన్‌లోనే మళ్లీ అక్షరాలవుతాయి. దీన్ని మామూలు జనం చేతికి తెచ్చింది ఫిల్ జిమ్మర్‌మాన్. 1991లో ఆయన పీజీపీ అనే ప్రోగ్రామును బయటపెడితే, ఆయుధాల ఎగుమతి చట్టం కింద అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి విచారణ చేసి 1996లో వదిలేసింది. పీజీపీ గొప్పదే కానీ వాడటం మహా కష్టం. యూరప్‌లోని సెర్న్ పరిశోధనశాలలో కలుసుకున్న కొందరు యువ శాస్త్రవేత్తలు 2014లో ప్రోటాన్ మెయిల్ తెచ్చి ఆ కష్టాన్ని తెరవెనక్కి నెట్టారు. జర్మనీలోని హనోవర్ నుంచి వచ్చిన ట్యుటనోటా అంతకంటే కొంచెం పాతది. 2023లో పేరును ట్యుటాగా కుదించుకుంది.

ఒక్క మెలిక ఉంది. మీది ప్రోటాన్, అవతలి పార్టీది జీమెయిల్ అయితే మీరు మామూలుగా పంపిన ఉత్తరం గూగుల్ సర్వర్లో మామూలు ఉత్తరంగానే ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టి పంపే వీలుంది. ఆ పాస్‌వర్డ్‌ను వేరే దారిలో చెప్పాలి. రింగ్‌రోడ్డులో చీరల ఆఢతియాకు (కమీషన్ వ్యాపారికి) ఫోన్ చేసి ‘భాయ్, బిల్లు తెరవడానికి ఈ మాట కొట్టు’ అంటే రెండోసారి అతను వాట్సాప్‌లోనే పంపమంటాడు. కనుక ఇద్దరిదీ ఒకే సేవ అయినప్పుడే దీని అసలు బలం. అన్నదమ్ములు, భాగస్వాములు, లాయరు, క్లయింటు, విలేకరి, సమాచారం ఇచ్చే మనిషి వంటి జంటలకు ఇది పనికొచ్చినంతగా ఊరందరితో వ్యాపారం చేసేవాళ్లకు పనికిరాదు.

ప్రోటానా, ట్యుటానా? విషయం వరుసను, అంటే మెయిల్ తలకట్టును, ప్రోటాన్ ఎండ్ టు ఎండ్ రహస్యంలో చేర్చదు. ట్యుటా చేరుస్తుంది. ‘కేసు వాపసు విషయమై’ అని తలకట్టులోనే రాసే మనలాంటివాళ్లకు ఇది చిన్న తేడా కాదు. రేపటి క్వాంటం కంప్యూటర్లకు కూడా లొంగని తాళమని ట్యుటా 2024లో కొత్త పద్ధతి తెచ్చింది. అయితే ట్యుటాది సొంత పద్ధతి, పీజీపీ వాడేవాళ్లతో కలవదు, వాళ్ల యాప్ తప్ప వేరే మెయిల్ ప్రోగ్రాములో తెరుచుకోదు. ప్రోటాన్ పీజీపీ మీద నడుస్తుంది. డబ్బు కడితే బ్రిడ్జ్ అనే సాధనంతో అవుట్‌లుక్, థండర్‌బర్డ్‌లలో కూడా వాడుకోవచ్చు. ఉచిత ఖాతా రెండిట్లోనూ 1 జీబీ దాకానే. ఉచిత ఖాతాను వాడకుండా వదిలేస్తే కొంతకాలానికి తీసేస్తారన్నది గుర్తుంచుకోవాలి, ట్యుటాలో ఆ గడువు మరీ తక్కువ. బెర్లిన్‌లోని పోస్టియో నెలకు 1 యూరో తీసుకుంటుంది, పేరు కూడా అడగదు. బెల్జియం మెయిల్‌ఫెన్స్ ఉంది. స్కిఫ్ అనే చక్కని సేవ కూడా ఉండేది. 2024 ఫిబ్రవరిలో నోషన్ కంపెనీ కొనేసింది, కొన్ని నెలల్లో మూసేసింది. అడ్రసు మార్చుకోండని జనానికి చెప్పి చేతులు దులుపుకున్నారు. నా మటుకు నాకు, ఎన్‌క్రిప్షన్ పద్ధతి కంటే ఆ కంపెనీ పదేళ్లు బతుకుతుందా అన్నదే ముఖ్యం.

మరి మన జోహో? 2025 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా జోహో మెయిల్‌కు మారానని ప్రకటించాక అందరూ దాని గురించే అడిగారు. రేణిగుంటలో ఆఫీసు పెట్టి మన పిల్లలకు ఉద్యోగాలిచ్చిన కంపెనీ, ప్రకటనలు చూపదు, సర్వర్లు దేశంలోనే. మంచిదే. కానీ మామూలు ఖాతాలో తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. స్వదేశీ కావడం, చదవలేకపోవడం రెండూ ఒకటి కావు.

చట్టం తలుపు తట్టినప్పుడు

2013లో అమెరికాలో లావాబిట్ అనే చిన్న ఈమెయిల్ కంపెనీని ఎఫ్‌బీఐ తాళంచెవులు అడిగింది. అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఖాతా అక్కడే ఉండేది. యజమాని లాడర్ లెవిసన్ ఆ చెవులను కంటికి ఆనని బుల్లి అక్షరాల్లో కాగితాల మీద అచ్చువేసి ఇచ్చాడు! కోర్టు ఒప్పుకోలేదు. ఆగస్టు 8న కంపెనీనే మూసేశాడు. అంత తెగువ అందరికీ ఉండదు, ఉండాలనీ కోరలేం.

2021లో పారిస్ పర్యావరణ ఉద్యమకారుడొకరి ఐపీ చిరునామాను ప్రోటాన్ స్విస్ అధికారులకిచ్చింది, వాళ్ల నుంచి అది ఫ్రాన్స్ పోలీసులకు చేరింది. మెయిళ్లలోని మాటలు ఇవ్వలేదు, ఇవ్వడం దాని చేతుల్లోనూ లేదు. ఐపీ మాత్రం చాలు, మనిషి దొరికిపోయాడు. బెదిరింపు కేసులో ఒక ఖాతాకు వచ్చే మెయిళ్ల మీద నిఘా పెట్టమని 2020లో కొలోన్ కోర్టు ట్యుటాను ఆదేశించింది. రహస్యం చేయకుండా వచ్చే కొత్త మెయిళ్లే ఆ నిఘాకు అందాయి. పోస్టియో సంగతీ అంతే, మేం దాచుకోని ఐపీలు ఎక్కడి నుంచి తెచ్చివ్వాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి ఓడిపోయింది. ఐరోపా గొప్ప, అమెరికా చెడ్డ అన్న లెక్క అంత తేలిక కాదు. స్విట్జర్లాండ్‌లోనే నిఘా నిబంధనలు బిగించే ప్రతిపాదన వచ్చేసరికి 2025లో ప్రోటాన్ తన సర్వర్లలో కొన్నిటిని దేశం దాటించే పని మొదలుపెట్టింది.

మన దేశంలో చిక్కు వేరు. ఇక్కడ భయం చదివేస్తారని కాదు, మూసేస్తారని. 2024 ఫిబ్రవరిలో చెన్నై బడులకు ప్రోటాన్ ఖాతాల నుంచి బాంబు బెదిరింపులు వచ్చాయి. ఆ సేవను దేశమంతటా నిలిపేయాలన్న ప్రతిపాదన కేంద్ర ఐటీ శాఖ దాకా వెళ్లింది. స్విస్ ప్రభుత్వం కల్పించుకున్నాక ఆగింది. 2025 ఏప్రిల్ 29న కర్ణాటక హైకోర్టు మరో అడుగు ముందుకేసింది. ఒక డిజైన్ సంస్థ ఉద్యోగినుల మీద అసభ్యమైన మెయిళ్లు, కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు ప్రోటాన్ ద్వారా వచ్చాయన్న పిటిషన్ మీద, ఐటీ చట్టం 69ఏ కింద ప్రోటాన్‌ను అడ్డుకునే చర్యలు మొదలుపెట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది. తీర్పు తర్వాత కూడా నెలల తరబడి సేవ నడిచింది. కానీ కత్తి వేలాడుతూనే ఉంది. ఆ ఉద్యోగినుల బాధ చిన్నదని నేననను. ఒక దుర్మార్గుడి కోసం లక్షల పెట్టెలకు సీలు వేయడం సరైన మందు కాదన్నదే నా అభ్యంతరం.

అందుకే భారతీయ పాఠకుడికి ఏ విదేశీ సమీక్షకుడూ చెప్పని ఒక సలహా చెబుతున్నాను. జీఎస్టీ, బ్యాంకు, పాస్‌పోర్టు, ఆదాయపన్ను మెయిల్‌గా ప్రోటాన్‌నో ట్యుటానో పెట్టుకోకండి. ఒక ఉదయం అది తెరుచుకోకపోతే ఓటీపీలు ఎక్కడికి వస్తాయి?

దొంగ వచ్చేది పక్కదారిన

తెలుగువారికి బాగా తెలిసిన ఒక పేరుతో ఈమెయిల్ చరిత్రలో పెద్ద పాఠమే ఉంది. 2016 జూన్ 13న కవి వరవరరావు ఖాతా నుంచి ఢిల్లీలోని హక్కుల కార్యకర్త రోనా విల్సన్‌కు ఒక మెయిల్ వెళ్లింది. దానికి జోడించిన ఫైలును తెరవగానే నెట్‌వైర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ విల్సన్ కంప్యూటర్లోకి దూరిందనీ, ఆ ఖాతాను వేరెవరో నడిపారనీ, భీమా కోరెగావ్ కేసులో సాక్ష్యంగా చూపిన ఉత్తరాలు ఆ దారినే చేరాయనీ అమెరికాలోని ఆర్సెనల్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థ 2021లో నివేదించింది. ఆ సంస్థ పనిచేసింది డిఫెన్స్ లాయర్ల తరఫున. కేసు చూస్తున్న జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ ఆ వాదనను ఒప్పుకోలేదు. వరవరరావుతో సహా కొందరి ఖాతాలకు బయటివాళ్ల రికవరీ మెయిలూ ఫోన్ నంబరూ జోడించి ఉన్నాయని, వాటికి పుణె పోలీసులతో సంబంధం కనిపిస్తోందని 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక రాసింది. ఎవరి వాదన నిజమో న్యాయస్థానం తేల్చాలి. మనకు పనికొచ్చేది వేరే ఉంది. అక్కడ ఎవరూ ఎన్‌క్రిప్షన్‌ను పగలగొట్టాల్సిన అవసరం రాలేదు. ఖాతా చేతిలో ఉంటే చాలు.

వ్యాపారంలోనూ ఇదే దెబ్బ. హాంకాంగ్‌లో కొనేవాడికి సూరత్ వ్యాపారి పేరుతో మెయిల్ వెళుతుంది, మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇక్కడికి పంపండని. దొంగ అప్పటికే వారాల తరబడి లోపల కూర్చుని బిల్లులు, మాటతీరు, చెల్లింపు రోజులు చదివి ఉంటాడు. ఈ రకం మోసాల మీద ఒక్క 2023లోనే అమెరికా ఎఫ్‌బీఐకి 21,489 ఫిర్యాదులు వచ్చాయి, నష్టం దాదాపు 290 కోట్ల డాలర్లు. ప్రోటాన్ వాడినా ఇది జరుగుతుంది, పాస్‌వర్డ్ నెట్ సెంటర్ రిజిస్టరులో ఉన్నంతకాలం.

ఇంకో సంగతి. తాళంచెవి మన దగ్గరే ఉండటమంటే పోగొట్టుకుంటే మనమే పోగొట్టుకున్నట్టు. ప్రోటాన్ 12 మాటల రికవరీ వాక్యం ఇస్తుంది, ట్యుటా 64 అక్షరాల కోడ్ ఇస్తుంది. అవి పోయి, పాస్‌వర్డ్ కూడా మరిచిపోతే పాత మెయిళ్లు ఏ కస్టమర్ కేరూ తిరిగివ్వలేదు. ఇంటిపెద్ద హఠాత్తుగా పోతే ఆయన పెట్టెలోని బాకీల లెక్కలూ ఆయనతోనే పోతాయి. ఆ కోడ్‌ను కాగితం మీద రాసి భూమి పట్టాలతో పాటు బీరువాలో పెట్టేంత ఓపిక ఉంటేనే ఈ మెయిళ్ల జోలికి వెళ్లండి.

నా తీర్పు ఇది. వ్యాపారానికి సొంత డొమైన్ కొనుక్కుని జోహోలోనో గూగుల్‌లోనో పెట్టండి, కంపెనీ నచ్చకపోతే అడ్రసు మారకుండా ఇల్లు మారొచ్చు. రహస్యంగా మాట్లాడాల్సిన కొద్దిమందితో మాత్రం రెండో పెట్టె తెరవండి. పాత మెయిల్ ప్రోగ్రాములతో పని ఉంటే ప్రోటాన్, తలకట్టు కూడా దాగాలంటే ట్యుటా. మీరు విలేకరో ఉద్యమకారుడో అయితే ఐపీ దాచుకునే ఏర్పాటు లేకుండా రెండూ సగం రక్షణే.

ఇవన్నీ తర్వాత. ముందు ఇప్పుడున్న ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లి రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. కాకపోతే తీసేయండి, పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు పంపండి. పంపేశాక మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.