ఎత్తని ఫోను విన్న మాటలు

తలుపు తీయకముందే వెలుపలివానికి లోపలి మాటలు వినబడినచో ఆ యింటికి రక్షణ యేది? 2019 జనవరిలో ఆపిల్ సంస్థవారి ఫేస్‌టైమ్‌లో ఇట్టి లోపమే బయటపడెను. అవతల ఫోను మ్రోగుచుండగా, పిలిచినవాడు తన నెంబరునే మరల చేర్చినచో, సంభాషణ ఆరంభమైనదని యంత్రము భ్రమించి, అవతలివారి మాటలను చేరవేసెడిది. వారు ఫోను ఎత్తనేలేదు!

దీనిని కనిపెట్టినవాడు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమునకు చెందిన 14 ఏండ్ల విద్యార్థి. మిత్రులను ఆటకు పిలుచుచుండగా జనవరి 19న ఆతనికిది తెలియవచ్చెను. తల్లి సంస్థకు పలుమార్లు తెలియజేసెను. వారము గడచెను. సంగతి లోకమునకు పొక్కిన పిమ్మట, 28న సంస్థ ఆ బృంద సంభాషణ సౌకర్యమును నిలిపివేసెను. ఫిబ్రవరి 7న లోపమును సవరించి, కనిపెట్టినవారిలో బాలుని పేరును ప్రకటించెను.

వినరాని మాటలను యంత్రము వినెను. వినవలసిన మాటను పెద్దలు ఆలస్యముగా వినిరి. చిన్నవారి మాటకు చెవియొగ్గుటయు రక్షణయే.